పంచాయతీ ప్రణాళిక రాసే ముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఊరి అభివృద్ధి ప్రణాళికలో జనాభా గురించి ఏమి రాయాలని అడిగావు. మొత్తం జనాభా అంకెను కాసేపు పక్కన పెట్టు. అంగన్‌వాడీ టీచరునూ ఆశా కార్యకర్తనూ కూర్చోబెట్టుకుని వయసులవారీగా లెక్క తీయి. ఐదేళ్లలోపు పిల్లలు ఎందరు, అరవై దాటినవారు ఎందరు, వారిలో ఒంటరిగా వండుకు తినేవారు ఎందరు? ఈ మూడో లెక్క కోసం మాత్రం ఇంటింటికీ తిరగాల్సిందే.

నేను ఊళ్లలో ఆరోగ్యం చూసే ఏఎన్ఎంగా చేరినప్పుడు చేతిలో అర్హులైన దంపతుల, అంటే పిల్లలు కనే వయసున్న జంటల రిజిస్టరు, నెత్తిన ఇన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించాలన్న టార్గెట్టు. 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు' అని ఊరూరా చెప్పాం. ఏడాది లెక్క ముగిసే మార్చి వచ్చిందంటే నిద్ర ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల ఆడపిల్లలను జీపెక్కించి ఆపరేషన్లకు తీసుకెళ్లాను. వాళ్ల మగవాళ్లు అరుగు మీద కూర్చుని చూసేవారు, ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. 1996లో టార్గెట్లు ఎత్తేశామని కాగితం వచ్చింది.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994లో పెట్టిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో తీసేసింది. ఇప్పుడు 'ఇంకా కనండి' అంటున్నారు. ఆ పాట నువ్వు అందుకోకు. అప్పుడు వద్దన్నదీ మేమే, ఇప్పుడు కనమంటే ఆడవాళ్లు నవ్వుతారు.

జపాన్ సంపాదించుకున్నాక ముసలిదైంది. మనకు చేతిలో నాలుగు డబ్బులు ఆడకముందే జుట్టు నెరుస్తోంది. కాబట్టి ఉన్న పిల్లల తిండికీ చదువుకూ ముందు నిధులు రాయి. అంగన్‌వాడీ మూసే వేళకు మిరపకోత కూలీలు ఇంకా చేలోనే ఉంటారు, చీకటిపడే దాకా పిల్లలను చూసే ఏర్పాటు అడుగు. బడిలో పిల్లలు తగ్గారని తాళం వేయనివ్వకు.

ఇక ముసలివాళ్ల సంగతి. నేను జీపెక్కించినవారిలో ఒకామె కొడుకులిద్దరూ బెంగళూరులో ఉన్నారు. బీపీ మాత్రల్లో పొద్దుటివి ఏవో తెలియక అట్టకు ఎర్రదారం కట్టుకుంది. మొన్న వెళితే రెండు అట్టలకూ ఎర్రదారమే ఉంది. నెలకోసారి ఇంటికి వెళ్లి మందులు సరిచూసే మనిషిని ప్రణాళికలో అడుగు. నీ లెక్క ఆమె ఇంటి నుంచే మొదలుపెట్టు. మధ్యాహ్నం మాత్రం వెళ్లకు, నిద్రపోతుంది.

మీ పెద్దమ్మ