టెక్ సందేహాలు: బడి కబురు వేరు, బిడ్డ వివరం వేరు

బ్యాటరీల గురించీ ప్రింటర్ల గురించీ వచ్చిన ప్రశ్నలను ఈ వారం పక్కన పెట్టాను. కర్నూలు జిల్లా నుంచి వచ్చిన ఐదు ఉత్తరాలు ప్రాథమిక పాఠశాల పిల్లల గురించినవే. వాటికి జవాబు ఆలస్యం చేయడం నాకు సరైనదిగా తోచలేదు.

ప్రశ్న: మా బడి తల్లిదండ్రుల కోసం వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. సెలవులు, టీకాలు, సమావేశాల కబుర్లు అందులో పెడతాను. శుభోదయాలు, పార్టీల వీడియోలు, ప్లాట్ల ప్రకటనల మధ్య నా మాట ఎవరికీ కనిపించడం లేదు. పైగా గ్రూపులో ఉన్న ఒక తల్లికి ఎవరో రాత్రిళ్లు ఫోను చేసి వేధిస్తున్నారు. గ్రూపు మూసేయమంటారా? – ఉపాధ్యాయురాలు, కల్లూరు

మూసేయకండి. తెల్లవారకముందే పనికి బయలుదేరే తల్లికి 'రేపు బడి లేదు' అన్న మాట ముందు రోజు సాయంత్రమే అందితే, పిల్లను ఎవరి దగ్గర వదలాలో చూసుకోగలుగుతుంది. ఆ మేలు పోగొట్టుకోకూడదు. మార్చాల్సింది గ్రూపు తీరు.

మామూలు గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి ఫోను నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. వంద మంది తల్లిదండ్రులుంటే, ఒకరికొకరు పరిచయం లేని వంద ఇళ్ల నంబర్లు ఒకే చోట పరిచినట్టే. వాట్సాప్‌లో 'కమ్యూనిటీ' అనే ఏర్పాటు ఉంది. దాన్ని తెరవగానే ప్రకటనల కోసం ఒక గ్రూపు దానంతటదే ఏర్పడుతుంది. అందులో అడ్మిన్లు మాత్రమే ప్రకటనలు పెట్టగలరు. సభ్యుల నంబర్లు అడ్మిన్లకు కనిపిస్తాయి. తోటి సభ్యులకు మాత్రం, ముందే ఆ నంబరు దాచుకుని ఉంటే తప్ప, కనిపించవు. తల్లిదండ్రులను ఆ ఒక్క ప్రకటనల గ్రూపులోనే ఉంచండి. దాని కింద తరగతికో గ్రూపు తెరిచారంటే నంబర్లు మళ్లీ బయటపడతాయి.

ఇది కష్టమనిపిస్తే 'బ్రాడ్‌కాస్ట్ జాబితా' వాడుకోవచ్చు. ఒక జాబితాలో 256 మంది వరకు పడతారు. మీరు పంపింది ప్రతి ఒక్కరికీ విడిగా, మీ సొంత సందేశంలా చేరుతుంది. ఒక్కటే షరతు: వారి ఫోనులో మీ నంబరు సేవ్ అయి ఉండాలి, లేకపోతే సందేశం చేరదు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే, పిల్లలను దింపడానికి వచ్చిన వారి చేత గేటు దగ్గరే ఆ పని చేయించండి.

పాత గ్రూపునే కొనసాగిస్తానంటే, సందేశాలు అడ్మిన్లే పంపేలా, కొత్తవారు మీ అనుమతితోనే చేరేలా సెట్టింగ్స్ మార్చండి. గ్రూపులో చేరే లింకును వేరే గ్రూపుల్లో ఎవరూ పంచకుండా చూడండి; ఇప్పటికే పంచి ఉంటే 'రీసెట్ లింక్' నొక్కితే పాతది పనిచేయదు. ఐదో తరగతి పూర్తిచేసి వెళ్లిపోయిన పిల్లల ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి గ్రూపులో ఉండిపోతారు. ఏడాదికొకసారి ఆ జాబితా చూసి తొలగించండి.

మరొక మాట, ఇది సెట్టింగ్స్‌తో తీరేది కాదు. 'ఫలానా బాబు మూడు రోజులుగా రావడం లేదు', 'ఈ పాపకు లెక్కల్లో మార్కులు తగ్గాయి', 'ఫలానా పిల్లకు ఒంట్లో బాగాలేదు' – ఇవేవీ గ్రూపులో రాయకండి. బడి కబురు అందరిదీ. ఒక బిడ్డ వివరం ఆ ఇంటిది మాత్రమే. అది ఆ ఇంటికి నేరుగా ఫోను చేసి చెప్పాల్సిన విషయం. స్మార్ట్‌ఫోను లేని ఇళ్ల కోసం నోటీసు బోర్డునూ, పిల్లల డైరీనీ మానేయకండి.

ఇక వేధింపులకు గురవుతున్న ఆ తల్లి సంగతి. ఆ నంబరు అడిగి తీసుకుని మీ గ్రూపు సభ్యుల్లో వెతకండి. దొరికితే స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తర్వాతే తొలగించండి. ఫోన్లు వచ్చిన తేదీలు, వేళలు ఆమెను రాసిపెట్టుకోమని చెప్పి, పోలీసుల దగ్గరకు మీరూ వెంట వెళ్లండి. నంబరు బయటపడింది బడి గ్రూపు నుంచి కనుక ఆమె పక్కన బడి నిలబడాలి.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. ఆగస్టు పదిహేను వేడుకల్లో తీసిన ఆమె ఫోటోను పేరు, తరగతి, బడి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టారు. తీసేయమని అడిగితే బాగుంటుందా? – ఒక తండ్రి, ఎమ్మిగనూరు

తప్పకుండా అడగండి, సంకోచించకండి. ముఖం, పేరు, తరగతి, బడి – ఈ నాలుగూ ఒకే చోట దొరికితే, గేటు దగ్గర ఎవరైనా పాపను పేరు పెట్టి పిలిచి 'మీ నాన్న పంపించాడు' అనడానికి ఇంకేమీ అక్కర్లేదు. ఏడేళ్ల పిల్ల తన పేరు తెలిసిన మనిషిని కొత్తవాడనుకోదు.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. కానీ మీరు చట్టంతో మొదలుపెట్టాల్సిన పని లేదు. ప్రధానోపాధ్యాయుల్లో ఎక్కువమంది ఆ ఫోటోలు పెట్టేది పిల్లల మీద ప్రేమతోనే. వెళ్లి, కూర్చుని, కారణం చెప్పండి.

ప్రభుత్వ బడుల్లో మెగా తల్లిదండ్రులు–ఉపాధ్యాయుల సమావేశాలు 2024 డిసెంబరు 7న మొదలయ్యాయి. రెండో విడత 2025 జులై 10న జరిగింది. అలాంటి రోజున ఈ విషయం లేవనెత్తితే మీ పాపకే కాదు, బడి మొత్తానికి ఒక పద్ధతి ఏర్పడుతుంది. ప్రతి తల్లిదండ్రి నుంచీ ఏడాది మొదట్లో ఒక కాగితం తీసుకోమనండి: మా బిడ్డ ఫోటో బడి గోడ మీద ఉండవచ్చా, తల్లిదండ్రులకు పంపవచ్చా, లోకమంతటికీ కనిపించేలా పెట్టవచ్చా. మూడింటికీ విడివిడిగా జవాబు రాయించాలి. గోడకు 'సరే' అన్నవారు ఫేస్‌బుక్‌కు 'వద్దు' అనవచ్చు.

బయటకు పెట్టేవి గుంపుగా ఉన్నవో, వెనుక నుంచి తీసినవో అయితే మంచిది. ముఖం ఉంటే పేరు వద్దు, పేరు ఉంటే ముఖం వద్దు. విహారయాత్రకు వెళ్లినప్పుడు పిల్లలు ఇంకా అక్కడ ఉండగానే పెట్టకుండా, ఇళ్లకు చేరాక పెట్టాలి. మా అన్నయ్య కూతురు బహుమతి అందుకుంటున్న ఫోటో ఒకటి నా దగ్గరకు వచ్చింది. పెద్దది చేసి చూస్తే మెడలోని గుర్తింపు కార్డు మీద ఇంటి చిరునామా, తండ్రి నంబరు చక్కగా చదవగలిగేలా ఉన్నాయి. అప్పటికే అది మూడు గ్రూపులు దాటింది. ఆ సాయంత్రమంతా ఒక్కొక్కరికీ ఫోను చేసి తీసేయించాను. అప్పటి నుంచి ఏ ఫోటో వచ్చినా ముందు మెడ వైపు చూస్తాను.

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నుంచి ఆ స్థలం వివరం తొలగిపోతుంది. 'డాక్యుమెంట్'గా పంపితే అలాగే వెంట వెళ్తుంది.

ప్రశ్న: కొడుకు, కోడలు మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోయినారు. మూడో తరగతి చదివే మనవరాలు నా దగ్గర ఉంది. వాళ్లతో మాట్లాడాక ఫోను తీసుకుని యూట్యూబ్ చూస్తుంది. చూడకూడనివి కూడా వస్తున్నాయి. నాకు చదువు అంతగా లేదు. ఏం చేయాలి? – ఒక తాత, కోసిగి మండలం (పక్కింటి అబ్బాయి రాసిపెట్టిన ఉత్తరం)

అయ్యా, పాపకు ఫోను ఇచ్చినందుకు మీరు బాధపడకండి. సుగ్గికి వెళ్లిన అమ్మానాన్నల ముఖం ఆమెకు కనిపించేది ఆ తెరలోనే. ఉత్తరం రాసిపెట్టిన అబ్బాయే పావుగంటలో ఈ పని చేసిపెట్టగలడు. అతనికి చెబుతున్నాను.

తాత ఫోనులో 'యూట్యూబ్ కిడ్స్' వేయి. మొదలుపెట్టేటప్పుడు పెద్దవాళ్ల గూగుల్ ఖాతా అడుగుతుంది. ఆ తర్వాత 'అనుమతించినవి మాత్రమే' అన్న పద్ధతి ఎంచుకో. అప్పుడు వెతికే వీలు ఉండదు; మనం ఏరిన వీడియోలు, ఛానెళ్లే కనిపిస్తాయి. ఏవి ఏరాలో పాప అమ్మానాన్నలకు వీడియో కాల్ చేసి అడుగు. వాళ్లు ఎంత దూరంలో ఉన్నా బిడ్డ ఏం చూడాలో వాళ్లే నిర్ణయించాలి. అందులో టైమర్ కూడా ఉంది; చెప్పిన సమయం కాగానే ఆగిపోతుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ' కింద 'యాప్ పిన్నింగ్' ఆన్ చేయి. కొన్ని ఫోన్లలో దీన్ని 'స్క్రీన్ పిన్నింగ్' అంటారు. బయటకు రావాలంటే పిన్ అడిగేలా పెట్టు. ఇక పాప ఆ ఒక్క యాప్‌లోనే ఉంటుంది, తాత బ్యాంకు యాప్‌లోకి పోలేదు. ఆ పిన్, యూపీఐ పిన్ వేర్వేరుగా ఉండాలి. తాత వాట్సాప్‌లో 'గ్రూపుల్లో నన్ను ఎవరు చేర్చవచ్చు' అన్నచోట 'నా కాంటాక్టులు' అని మార్చు. పాప పేరుతో వేరే వాట్సాప్ ఖాతా మాత్రం తెరవకు. మామూలు ఖాతాకు 13 ఏళ్లు నిండాలి.

పిల్లల ఫోనును పెద్దలు తమ ఫోను నుంచి అదుపు చేసే గూగుల్ యాప్ 'ఫ్యామిలీ లింక్' గురించి చాలామంది చెబుతారు. పాపకు విడిగా ఫోను ఉంటే అది మంచి సాధనమే. తండ్రి గుంటూరు నుంచే తన ఫోనులో అనుమతులు ఇవ్వగలడు. తాత, మనవరాలు ఒకే ఫోను వాడుతున్నప్పుడు అది తాతకే ఇబ్బంది.

అయ్యా, మీకు ఒక్క విన్నపం. రాత్రి అమ్మ దగ్గర నుంచి వచ్చే ఆ కాల్‌ను శిక్షలతో ముడిపెట్టకండి. 'అల్లరి చేస్తే ఫోను లేదు' అన్నప్పుడు కూడా అది యూట్యూబ్‌కే వర్తించాలి.

ప్రశ్న: తల్లికి వందనం జాబితా చూసుకోండంటూ మా బడి గ్రూపులో ఒక ఫైలు వచ్చింది. నొక్కితే యాప్ వేసుకోమంది, వేసుకున్నాను. ఇప్పుడు భయంగా ఉంది. – ఒక తల్లి, ఆదోని

వెంటనే నెట్ ఆపేసి, ఆ యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లో 'డివైస్ అడ్మిన్', 'యాక్సెసిబిలిటీ' కింద దానికిచ్చిన అనుమతులు రద్దు చేసి మళ్లీ ప్రయత్నించండి. ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. తర్వాత గ్రూపులో 'దాన్ని నొక్కకండి' అని మీరే చెప్పండి. సిగ్గుపడి ఊరుకుంటే మరో పది ఇళ్లు మోసపోతాయి. తల్లికి వందనం డబ్బు నేరుగా తల్లి బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2025 జూన్‌లో పిల్లకు 13,000 రూపాయల చొప్పున అలాగే జమైంది. దానికి ఏ యాప్ వేసుకోనక్కర్లేదు. వివరం కావాలంటే సచివాలయంలో అడగండి, లేదా ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009లో చూడండి.

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. వాళ్ల నాన్న ఫోనులో తుపాకుల ఆట ఆడుతూ ఎవరితోనో స్నేహం చేశాడు. ఆ మనిషి ఆటలో బహుమతులు ఇచ్చి, ఇప్పుడు తగని ఫోటోలు అడుగుతున్నాడు. అమ్మకు చెప్పవద్దన్నాడట. బాబు ఏడుస్తూ నాకు చెప్పాడు. ఆట తీసేసి, నాలుగు దెబ్బలు వేశాను. ఇంకేం చేయాలి? – ఒక తల్లి, కర్నూలు

అమ్మా, ముందు బాబును దగ్గరకు తీసుకోండి. 'చెప్పవద్దు' అన్న మనిషి మాట కాదని మీకు చెప్పాడు. పదేళ్ల పిల్లవాడికి అది చాలా పెద్ద ధైర్యం. చెప్పినందుకు దెబ్బలు పడ్డాయని వాడి మనసులో నిలిచిపోతే రెండోసారి చెప్పడు. ఆ మనిషి నమ్ముకున్నది కూడా అదే భయాన్ని. కొట్టడం నాదే తప్పని ఈ రాత్రే వాడితో అనండి.

ఆట తీసేసినా ఖాతా పోదు. మళ్లీ వేసి, అదే ఖాతాతో లోపలికి వెళ్లి, ఆ మనిషి పేరు, గుర్తింపు సంఖ్య, రాసిన మాటలు అన్నింటికీ స్క్రీన్‌షాట్లు తీయండి. వాట్సాప్‌కు మారి ఉంటే ఆ నంబరు కూడా. అతనికి తిట్లు రాయకండి, బెదిరించకండి. జాగ్రత్తపడి అన్నీ చెరిపేస్తాడు. ఆధారాలు చేతికి వచ్చాక ఆటలోనే ఫిర్యాదు చేసి, బ్లాక్ చేయండి.

బాబు ఏదైనా ఫోటో పంపి ఉంటే దాన్ని బంధువులకు గానీ, నాకు గానీ, ఆధారమనుకుని ఎవరికీ పంపకండి. పిల్లల అలాంటి చిత్రాలను పంపడం ఎవరు చేసినా నేరమే. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ 18 ఏళ్లలోపు వారి కోసమే ఉంది. ఫోటోను ఎక్కడికీ పంపకుండా, దాని నుంచి ఒక సంకేతాన్ని మాత్రమే తయారుచేసి, ఆ సేవలో చేరిన వేదికలకు అందిస్తుంది. దాంతో ఆ ఫోటో అక్కడ కనిపిస్తే అవి గుర్తించి తొలగించగలవు.

ఫిర్యాదుకు సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. పోలీసులంటే బాబు భయపడతాడని మీరు వెనకాడవచ్చు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఆ భయాన్ని ముందే ఆలోచించింది: బాబును స్టేషనుకు తీసుకెళ్లనక్కర్లేదు. బాబు మాటలను మీ ఇంట్లోనో, వాడు కోరుకున్న చోటనో నమోదు చేయాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి. వచ్చేవారు యూనిఫాం వేసుకోకూడదు. మీరు పక్కనే కూర్చోవచ్చు.