విడివిడిగా పనిచేసిన ఎలక్ట్రానిక్ బోర్డులు కలిపితే ఎందుకు మొరాయిస్తాయి?

చాలాసార్లు తప్పు ఏ బోర్డులోనూ ఉండదు, అవి పంచుకునే పవర్ సప్లైలో, గ్రౌండ్ వైరులో (కరెంటు తిరిగి వెళ్లే తీగలో) ఉంటుంది. టేబుల్ మీద పరీక్షించేటప్పుడు ఒక్కోదానికి సొంత సప్లై ఉంటుంది. కలిపాక ఒకటి కరెంటు గుంజితే మిగతావాటికి వోల్టేజీ పడిపోతుంది.

నర్సంపేట వైపు పొలాల్లో బోరు మోటారును ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్ డబ్బానే తీసుకోండి. అందులోని జీఎస్‌ఎం మాడ్యూల్ (మొబైల్ సిగ్నల్ అందుకొని పంపే భాగం) ఊరికే ఉన్నప్పుడు కొన్ని మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. సిగ్నల్ పంపేటప్పుడు, టవర్ దూరమైతే మరీ, 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అదీ ఒక్కో విడతకు సుమారు 0.6 మిల్లీసెకను మాత్రమే. సప్లై తట్టుకోలేకపోతే కంట్రోలర్ (ప్రోగ్రాం నడిపే చిప్) రీసెట్ అవుతుంది, మోటారు కదలదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది (ఇక్కడే చాలామంది మోసపోతారు). అంత తక్కువసేపు ఉండే వోల్టేజీ తగ్గుదల, క్షణక్షణం వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోప్‌లోనే దొరుకుతుంది. మాడ్యూల్‌ను ఆనుకొని 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ (కాస్త కరెంటు నిల్వ ఉంచి అవసరానికి ఇచ్చే భాగం) పెట్టి, మాడ్యూల్‌కు సప్లై, గ్రౌండ్ వైర్లు పొట్టిగా, లావుగా విడిగా లాగితే సాధారణంగా సమస్య పోతుంది.

దీన్ని ప్రోగ్రాం తప్పనుకొని రోజుల తరబడి కోడ్ మార్చేవాళ్లే ఎక్కువ. అన్నీ ఒకేసారి కలపకుండా, ఒక్కో బోర్డు చేర్చినప్పుడల్లా ఆసిలోస్కోప్‌తో సప్లై వోల్టేజీ చూసుకోండి.