ఆఫీసులో చేరబోయే మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు బార్ (లాయర్ల పరీక్ష) పాసయ్యావని మీ నాన్న ఫోన్ చేసినప్పట్నుంచి మీ పిన్ని కాలు నేల మీద నిలవట్లేదు, అప్పుడే నీకు టేబుల్ ఏ కిటికీ పక్కన వెయ్యాలో కూడా తేల్చేసింది. వచ్చే నెల ఇక్కడ అమెరికాలో పెద్దవయసువాళ్ళ కేసులు చూసే మన లా ఆఫీసులో చేరుతున్నావ్ కదా, ఈలోపు కొన్ని విషయాలు రాద్దామనిపించింది. ఫోన్లో చెప్తే "సరే బాబాయ్, సరే బాబాయ్" అని పెట్టేస్తావ్, కాబట్టి కాగితమే నయం.

ముందు ఒకటి గట్టిగా బుర్రలో పెట్టుకో. మనకి ఫోన్ చేసేది కొడుకో కూతురో, అపాయింట్‌మెంట్ తీసుకునేదీ వాళ్ళే, కార్లో తీసుకొచ్చేదీ వాళ్ళే, చాలాసార్లు ఫీజు చెక్కు రాసేదీ వాళ్ళే, అయినా సరే మన క్లయింటు ఆ పక్కన కూర్చున్న పెద్దావిడే. ఎంగేజ్‌మెంట్ లెటర్లో (క్లయింటుతో మనం రాసుకునే ఒప్పందం) ఆ మాట మొదటి పేరాలోనే ఉంటుంది చూడు, నేనే పట్టుబట్టి పెట్టించా. డబ్బు కట్టినవాళ్ళకి మన సలహాని తిప్పే హక్కు లేదని ఎథిక్స్ రూల్స్‌లో నువ్వు చదివే ఉంటావ్, కానీ కూతురు కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ రూలు గుర్తు రావడం వేరే సంగతి.

ఒక కేసు చెప్తా, వివరాలు మార్చాలే. కూతురు అమ్మని తీసుకొచ్చింది, ఇల్లు తన పేర రాయాలి, పవర్ ఆఫ్ అటార్నీ (అమ్మ డబ్బు వ్యవహారాలు నడిపే అధికారం) కూడా తన పేరే ఉండాలి అంది. నేనేం అడిగినా జవాబు కూతురే చెప్తోంది, ఆ పెద్దావిడ తలూపుతోంది. మీ పిన్ని వచ్చి "అమ్మా, ఈ ఫారం కొంచెం బయట కూర్చుని నింపుదాం రండి" అని కూతుర్ని లేపి తీసుకుపోయింది (ఈ విద్య మీ పిన్ని దగ్గర నేర్చుకో, నాకు ఇప్పటికీ అంత నైస్‌గా రాదు). తలుపు వేశాక నేను నోరు మూసుకుని కూర్చున్నా. ఆవిడ చెవి మిషన్ సర్దుకుంది, పర్సులోంచి కళ్ళజోడు తీసింది, ఆ తర్వాత తాపీగా చెప్పింది, ఇల్లు దానికి ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు, కానీ నా చెక్‌బుక్ మాత్రం చిన్నోడి చేతిలో ఉండాలి, దీనికి చెయ్యి ఆగదు అని. అప్పటిదాకా తలూపిన మనిషేనా అనిపించింది. ఆ రోజు కూతురు అడిగిన కాగితాలు అడిగినట్టు రాసేసి ఉంటే అందరూ సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు, పని మాత్రం తప్పు పని అయ్యేది.

అందుకే కనీసం కాసేపు ఒంటరిగా మాట్లాడకుండా ఎవరి సంతకమూ తీసుకోకు. అవును కాదు అని చెప్పేసే ప్రశ్నలు అడగకు. మరుపు మొదలైనవాళ్ళు "అవునండీ" అని మర్యాదగా అనడంలో ఆరితేరి ఉంటారు, మనకి పట్టుబడరు. "ఈ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందో మీ మాటల్లో చెప్పండి" అని అడుగు. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే ఫైల్లో రాసి, తేదీ టైము వెయ్యి. డిమెన్షియా అని డాక్టర్ రాసినంత మాత్రాన సంతకం చెల్లదని కాదు, ఆ రోజు, ఆ గంటలో, ఆ కాగితం దేనికో వాళ్ళకి అర్థమైందా అన్నదే లెక్క. ఎథిక్స్ రూల్స్‌లో 1.14 (ఆలోచనా శక్తి తగ్గిన క్లయింటు గురించిన రూలు) మళ్ళీ ఒకసారి చదువు, మన పని సగం దాని మీదే నడుస్తుంది. అలాంటివాళ్ళకి అపాయింట్‌మెంట్ పొద్దున్నే ఇవ్వు, చాలామందికి సాయంత్రం అయ్యేసరికి తికమక పెరుగుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టకు, వెలుతురు కళ్ళలో పడితే నీ మొహం కనపడదు, పెదాలు చూసి మాట పట్టుకునేవాళ్ళు చాలామంది. డాక్యుమెంట్ పెద్ద అక్షరాల్లో ప్రింట్ తియ్యి.

ఇక కాగితాల సంగతి. ట్రస్టులు, టాక్సులు అని నీకు ఉత్సాహంగా ఉంటుంది, తెలుసు. కానీ మనం చేసే పనుల్లో ఎక్కువమందికి అక్కరకొచ్చేది మంచి డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ (మనిషికి మతి తప్పినా చెల్లేది), హెల్త్ కేర్ ప్రాక్సీ (తను చెప్పలేని స్థితిలో వైద్యం గురించి ఎవరు నిర్ణయించాలో రాసేది), ఆస్పత్రివాళ్ళు పిల్లలతో మాట్లాడేందుకు ఒక హిపా (వైద్య వివరాల గోప్యత చట్టం) రిలీజ్, ఈ మూడే. నెట్‌లో దొరికే పవర్ ఆఫ్ అటార్నీ ఫారాల్లో చాలావాటిలో గిఫ్ట్ ఇచ్చే అధికారం, ట్రస్ట్ పెట్టే అధికారం, బెనిఫిషియరీ (తన తర్వాత డబ్బు అందుకునేవాళ్ళు) పేరు మార్చే అధికారం ఉండవు, చాలా స్టేట్స్‌లో అవి విడిగా స్పష్టంగా రాస్తే తప్ప ఏజెంట్‌కి (ఆ పవర్ పొందిన మనిషికి) రావు. తల్లి కోమాలోకి వెళ్ళాక మెడికెయిడ్ (ఆస్తి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం) ప్లానింగ్ చేద్దామని కొడుకు ఆ ఫారం పట్టుకొస్తే మనం చెయ్యగలిగింది చాలా తక్కువ, అప్పుడు గార్డియన్‌షిప్ అని కోర్టుకెళ్ళాలి, డబ్బూ పోతుంది నెలలూ పోతాయి. అయితే ఆ అధికారాలు ఇచ్చేటప్పుడు ఎవరికి ఇస్తున్నామో చూసి ఇవ్వాలి, పై కేసులో చెక్‌బుక్ మాట మర్చిపోకు. ఇంకోటి, సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్) వాళ్ళు పవర్ ఆఫ్ అటార్నీని ఒప్పుకోరు, వాళ్ళ దగ్గర రిప్రజెంటేటివ్ పేయీగా (పెద్దవాళ్ళ తరపున ఆ డబ్బు అందుకునే మనిషిగా) విడిగా పెట్టుకోవాలి. ఇది పిల్లలకి ముందే చెప్పు, లేకపోతే వాళ్ళ ఆఫీసులో గొడవపడి మన మీదకి వస్తారు.

65 దాటినవాళ్ళకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ గురించి ఫోన్లో నీకు ఎక్కువగా వచ్చే ప్రశ్న "మెడికేర్ ఉంది కదండీ, నర్సింగ్ హోమ్‌కి అదే కడుతుంది కదా" అని. ఎల్లకాలం కట్టదు. ఆస్పత్రి నుంచి వచ్చాక స్కిల్డ్ కేర్ (నర్సులో థెరపిస్టులో చెయ్యాల్సిన సేవ) అవసరమైతే మొదటి 20 రోజులు పూర్తిగా ఇస్తుంది, 21 నుంచి 100వ రోజు దాకా పేషెంట్ రోజుకి ఇంత అని కట్టాలి, 2025 లెక్కన 209 డాలర్ల 50 సెంట్లు, ఆ తర్వాత సున్నా. అది కూడా ఒరిజినల్ మెడికేర్లో (ప్రభుత్వం నేరుగా నడిపేది) వరసగా 3 రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటేనే. ఆస్పత్రి మంచం మీద నాలుగు రోజులు పడుకున్నా కాగితాల్లో "అబ్జర్వేషన్" (అడ్మిట్ చెయ్యకుండా గమనించడానికి ఉంచడం) అని రాసి ఉంటే అది లెక్కలోకి రాదు. కాబట్టి ఎవరైనా ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తే నీ మొదటి ప్రశ్న "అడ్మిట్ చేశారా, అబ్జర్వేషన్‌లో పెట్టారా" అని ఉండాలి, ఆ తర్వాతే మిగతా కథ విను. ఇంకా, "మీ నాన్నగారు ఇంక మెరుగవ్వట్లేదు కాబట్టి మెడికేర్ ఆపేస్తున్నాం" అని రీహాబ్‌లో అంటే నమ్మొద్దని చెప్పు. ఉన్న స్థితి దిగజారకుండా ఉంచడానికి స్కిల్డ్ కేర్ అవసరమైనా కవరేజీ ఉంటుందని 2013లో జిమ్మో కేసు సెటిల్‌మెంట్‌లో తేలిపోయింది, అయినా ఆ మాట ఇంకా అంటూనే ఉంటారు. అప్పీలుకి టైము చాలా తక్కువ ఇస్తారు, ఆ ఫోన్లు రేపటికి వాయిదా వెయ్యకు.

నర్సింగ్ హోమ్ అడ్మిషన్ కాంట్రాక్టులో "రెస్పాన్సిబుల్ పార్టీ" అని ఒక గీత ఉంటుంది, పిల్లలు కంగారులో అక్కడ సంతకం పెట్టేస్తారు. చేర్చుకోవాలంటే నీ సొంత డబ్బుకి గ్యారంటీ ఇవ్వు అని అడగడాన్ని 1987 ఫెడరల్ చట్టమే ఒప్పుకోదు. సంతకం పెట్టాల్సి వస్తే తల్లి పేరు రాసి, పక్కన "ఏజెంట్‌గా" అని రాయమను.

ఇప్పుడు అసలు తలనొప్పికి వద్దాం. ప్రతి ఒక్కరికీ ఎవరో ఒక సీపీఏ (టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్) చెప్పి ఉంటారు, ఏడాదికి ఒక్కొక్కరికి 19 వేల డాలర్లు (2025 లెక్క) పిల్లలకి ఇచ్చేయొచ్చు, ఏ ఇబ్బందీ లేదు అని. గిఫ్ట్ టాక్స్ లెక్కలో అది నిజమే, మెడికెయిడ్ లెక్క పూర్తిగా వేరు. నర్సింగ్ హోమ్ మెడికెయిడ్‌కి అప్లై చేస్తే దాదాపు అన్ని స్టేట్స్‌లో వెనక్కి 60 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు అడుగుతారు, అందులో ఉట్టిగా ఇచ్చిన డబ్బు, మనవడి కాలేజీ ఫీజుతో సహా, అన్నీ కూడతారు. దాన్ని ఆ స్టేట్ పెట్టుకున్న నెల ఖర్చుతో భాగిస్తారు, ఉదాహరణకి 60 వేలు ఇచ్చి, స్టేట్ లెక్క నెలకి 10 వేలు అయితే 6 నెలలు మెడికెయిడ్ రాదు. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఆ 6 నెలలు డబ్బు ఇచ్చిన రోజు నుంచి మొదలవ్వవు. 2006 ఫిబ్రవరిలో చట్టం మారాక, మనిషి నర్సింగ్ హోమ్‌లో చేరి, చేతిలో డబ్బంతా అయిపోయి, అప్లై చేసి, ఆ గిఫ్ట్ ఒక్కటి లేకపోతే మెడికెయిడ్ వచ్చేసేది అన్న స్థితికి వచ్చాకే మొదలవుతాయి. అంటే చేతిలో పైసా లేనప్పుడు 6 నెలల బిల్లు. ఇది అర్థమైన రోజు క్లయింటు మొహంలో రంగు మారుతుంది, ఆ టైములో నువ్వు మాట్లాడకు, వాళ్ళని ఊపిరి తీసుకోనివ్వు.

అలాగని ఇచ్చిందంతా మునిగిపోయినట్టు కాదు. భార్యాభర్తల్లో ఒకరు ఇంట్లోనే ఉంటే వాళ్ళు రోడ్డున పడకుండా 1988 చట్టం ఉంది, 2025లో స్టేట్‌ని బట్టి 31,584 నుంచి 1,57,920 డాలర్ల దాకా వాళ్ళ పేర ఉంచుకోవచ్చు, ఇల్లు విడిగా. తల్లి ఇంట్లోనే కనీసం రెండేళ్ళు ఉండి, తన సేవ వల్లే ఆవిడ నర్సింగ్ హోమ్‌కి వెళ్ళకుండా ఆగింది అని చూపించగలిగిన కొడుకో కూతురో ఉంటే ఇల్లు వాళ్ళ పేర రాసినా మెడికెయిడ్ రాని నెలల పెనాల్టీ లేదు. కానీ రుజువులు కావాలి, డాక్టర్ లెటర్, అదే అడ్రస్ మీద వచ్చిన ఉత్తరాలు, డ్రైవింగ్ లైసెన్స్. అవి ఇప్పట్నుంచే దాచమను. ఉద్యోగం మానేసి అమ్మని చూసుకుంటున్న పిల్లలకి డబ్బు ఇవ్వాలంటే ముందు రాతపూర్వకంగా కాంట్రాక్టు రాయించు, గంటలు రాయాలి, పేరోల్ టాక్స్ కట్టాలి. చేసేసిన సేవకి తర్వాత లెక్కగట్టి ఇస్తే ప్రేమతో చేసిన పనికి ఇచ్చిన గిఫ్ట్ అంటారు. ఆ మాట చెప్పడం నాకు ఇప్పటికీ మనసొప్పదు, అయినా చెప్పాలి.

లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్ పాలసీ ఉందా అని మొదటి మీటింగ్‌లోనే అడుగు. ఉంటే ప్రీమియం కట్టకపోతే ఇంకొకరికి కూడా నోటీసు వెళ్ళేలా పేరు రాయించు. ఇరవై ఏళ్ళు కట్టి, మరుపొచ్చిన ఏడాదే కట్టడం మర్చిపోయే పాలసీలు ఎన్నో. చాలా స్టేట్స్‌లో పాలసీ లాప్స్ అయిన (కట్టక రద్దయిన) 5 నెలల్లోపు, మతిమరుపు వల్లే కట్టలేదని చూపిస్తే తిరిగి తెరిపించొచ్చు, కాబట్టి ఆ తేదీ చూసి పరిగెత్తు.

మన తెలుగువాళ్ళు నిన్ను వెతుక్కుంటూ వస్తారు చూడు, వాళ్ళ లెక్క ఇంకోటి. గ్రీన్ కార్డ్ మీద అమ్మానాన్నల్ని తెచ్చుకుంటారు, ఇక్కడ పని చేసిన 40 క్వార్టర్లు (అంటే సుమారు పదేళ్ళ పని) వాళ్ళకి ఉండవు. 65 దాటి, గ్రీన్ కార్డ్‌తో వరసగా 5 ఏళ్ళు ఇక్కడ ఉంటే మెడికేర్ కొనుక్కోవచ్చు గానీ పార్ట్ ఏ (ఆస్పత్రి ఖర్చుల భాగం) ఉట్టినే రాదు, 2025లో పూర్తి ప్రీమియం నెలకి 518 డాలర్లు. ఫెడరల్ మెడికెయిడ్‌కి 1996 చట్టం ప్రకారం చాలామందికి 5 ఏళ్ళ ఆంక్ష ఉంది, పైగా స్పాన్సర్ చేసిన కొడుకు ఆదాయం కూడా లెక్కలోకి రావచ్చు. వాళ్ళు ఒక మాట తప్పకుండా అంటారు, "అక్కడ ఊళ్ళో స్థలం ఉందిలెండి, అది వీళ్ళకెలా తెలుస్తుంది" అని. నవ్వుతూనే చెప్పు, అప్లికేషన్‌లో ఉన్నవన్నీ నిజమేనని సంతకం పెట్టేది మీ అమ్మగారు, ఆ వయసులో ఆవిడ చేత అబద్ధం సంతకం పెట్టించకండి, ఆ స్థలం సంగతి ఎలా చూపించాలో నేను చూస్తాను అని. దాచమని అడిగితే కేసు వద్దను. మొహమాటం వద్దు, నేనూ మీ పిన్నీ నీ వెనకే ఉంటాం.

ఇంటివాళ్ళతో ఆఫీసు నడపడం గురించి ఎక్కువ చెప్పను, చేరాక నీకే తెలుస్తుంది. భోజనాల దగ్గర క్లయింట్ల పేర్లు రావు. చుట్టాలు పెళ్ళిళ్ళలో నిన్ను పక్కకి పిలిచి "ఒక చిన్న డౌటు" అంటారు, ఆఫీసుకి రమ్మను, చుట్టమైనా ఫైలు తెరవాల్సిందే, అత్తాకోడళ్ళు ఇద్దరూ నీ దగ్గరికే వస్తే ఒకర్ని వేరే లాయర్ దగ్గరికి పంపాల్సిందే. మీ పిన్నికీ నాకూ ఏదైనా కేసు మీద మాట తేడా వస్తే మధ్యలో నలిగిపోకు, ఫైలు చదివి నీ అభిప్రాయం నువ్వు రాయి. ఎక్కువసార్లు ఆవిడే కరెక్టు, అది మాత్రం ఆవిడకి చెప్పకు.

మొదటి వారం నీకు కొత్త క్లయింట్లని ఇవ్వను. మెడికెయిడ్ రెన్యూవల్స్ ఉన్న ఫైళ్ళు మీ పిన్ని పక్కన పెట్టింది, వాటిలో బ్యాంక్ స్టేట్‌మెంట్లు నెలనెలా సరిచూసి, ఏ నెల తగ్గిందో, ఏ చెక్కు ఎవరికి వెళ్ళిందో ఒక షీట్ మీద రాయి. విసుగు పనే. కానీ ఆ ఇంట్లో ఏం జరుగుతోందో స్టేట్‌మెంట్ చెప్పినట్టు ఇంకెవరూ చెప్పరు. ఎక్కడైనా ఒకే పేరుకి నెలనెలా నగదు వెళ్తున్నట్టు కనిపిస్తే, ఆ పిల్లలకి ఫోన్ చెయ్యకముందు నాకు చూపించు, ముందు ఆ పెద్దావిడనే అడుగుదాం.

బాబాయ్