బీటీ పత్తిలో గులాబీ రంగు పురుగు: పంటను డిసెంబరు దాటనివ్వొద్దు

ప్రశ్న: జూన్ చివర్లో ఎకరంన్నరలో బీటీ పత్తి వేశాను. ఇప్పుడు పచ్చికాయ చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు పురుగు ఉంది. పచ్చ పురుగు మాత్రం ఎక్కడా లేదు. విత్తనం నకిలీదా? దుకాణంలో రెండు మందులు కలిపి వారానికోసారి కొట్టమన్నారు. సంక్రాంతి తర్వాత కూడా కాపు ఉంచుదామనుకుంటున్నాను.
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: విత్తనాన్ని అనుమానించకండి. నకిలీదైతే శనగపచ్చ పురుగు కూడా కాయలను తొలిచేది. అది లేదని మీరే రాశారు. కాయ తొలిచే పురుగులను చంపడానికి బీటీ మొక్క తనలోనే తయారుచేసుకునే విషానికి తట్టుకునే శక్తి వచ్చింది గులాబీ రంగు పురుగుకే. ఆ విషాన్ని తయారుచేసే జన్యువు ఒకటున్న రకం 2002లో, రెండు జన్యువుల రకం 2006లో మన దేశంలోకి వచ్చాయి. పదేళ్లు తిరక్కుండానే గుజరాత్‌లో ఈ పురుగు రెండో రకంపైనా బతకడం మొదలెట్టింది. విషం పేగు గోడకు అతుక్కుంటేనే పురుగు చస్తుంది. ఆ అతుక్కునే చోటు మారిన పురుగులు ఒకటీ అరా మిగిలి, వాటిలో అవే జతకట్టి పెరిగాయి. దీన్ని ఆపడానికే పొలం చుట్టూ వేయమని ప్యాకెట్‌తో 120 గ్రాముల బీటీయేతర విత్తనం ఇచ్చేవారు. అక్కడ పెరిగిన మామూలు రెక్కల పురుగులతో జతకడితే పుట్టే పిల్లలు బీటీకి లొంగుతాయి. ఆ సంచీని దాదాపు అందరూ గట్టు మీదే పారేశారు.

కాయలో దూరిన పురుగుకు ఏ మందూ తగలదు. కాబట్టి వారం వారం పిచికారీ డబ్బు దండగ. పైగా దుకాణాల్లో ఇచ్చే కలగాపులగం మందులతో తెల్లదోమ విజృంభిస్తుంది. పంటను చూడనివారి మాట మీద మందు కొట్టకండి!

ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసననిచ్చే ఎరతో మగ రెక్కల పురుగులను పట్టేవి) కట్టి, ఎరను 3–4 వారాలకు మార్చండి. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడినా, వేర్వేరు మొక్కల నుంచి కోసిన 20 పచ్చికాయల్లో రెండింట పురుగున్నా, ఇంకా కాయలోకి దూరని పిల్ల పురుగుల కోసం పిచికారీ చేయండి. లీటరు నీటికి 2 మి.లీ. ప్రొఫెనోఫాస్ 50 ఇ.సి. గాని, 1.5 గ్రా. థయోడికార్బ్ 75 డబ్ల్యు.పి. గాని, ఏదో ఒక్కటే, సాయంత్రం పూట. గుడ్డిపూలు (లోపల పురుగు చేరి రెక్కలు విచ్చుకోని పూలు) కనిపిస్తే ఏరి కాల్చేయండి.

సంక్రాంతి తర్వాత కాపు ఉంచే ఆలోచన మానుకోండి. తట్టుకున్న పురుగులకు ఆ చివరి కాయలే మేత. డిసెంబరు ఆఖరుకల్లా తీత ముగించి, మందు కొట్టి 15 రోజులు దాటాక మేకలను, గొర్రెలను తోలి మిగిలిన కాయలు మేపించండి. పత్తి కట్టెను పొయ్యిలోకని పెరట్లో పోగేయకుండా రోటావేటర్‌తో నేలలో కలిపేయండి. ఆ చేలో వచ్చే ఖరీఫ్‌లో పత్తి గాని బెండ గాని వేయకండి, మొక్కజొన్న వేసుకోండి.