నేపుల్స్ కథ పంపిన అమ్మాయికి

అమ్మాయ్,

కథ చదివాను. సంభాషణలు బాగున్నాయి. ఇక నా చిరాకు విను.

మొదటి పేజీలోనే నీ కథానాయకుడు ఇటలీలోని నేపుల్స్ వీధిలో ‘పియెగాతో పిజ్జా’ కొన్నాడు. పక్కన బ్రాకెట్లో ‘మడిచినది’ అని అర్థం. మూడో పేజీలో మళ్లీ అదే మాట, మళ్లీ బ్రాకెట్. ఇటాలియన్‌లో పిజ్జా స్త్రీలింగం, ‘పియెగాత’ అనాలి. అసలు అక్కడ దాన్ని ‘అ పోర్తఫోల్యో’ అంటారు, పర్సు మడతన్నమాట. సరే, అది దిద్దుకోవచ్చు. మడత ఏదమ్మా?

మావాడి దగ్గరికి వెళ్లినప్పుడు త్రిబునాలి వీధిలో నిలబడి తిన్నాను. కూర్చుని తినే పిజ్జా కంటే చిన్నది. సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, కాగితం చుట్టి చేతిలో పెడతారు. టమాటా రసం, నూనె కలిసి మొనలోకి దిగుతాయి. చొక్కా పాడవకుండా ముందుకు వంగి తినాలి. అలా వంగినవాడూ ‘పియెగాతో’నే! దుప్పటి మడిచినా, ఇనుప కడ్డీ వంచినా అదే మాట. వాదనలో లొసుగు లేకపోతే ‘ఒక్క మడతా పడలేదు’ అంటారు. మలుపులో బైకు ఒరిగితే అదీ ‘పియేగా’. ఇంత చాకిరీ చేసే మాటను తెచ్చి బ్రాకెట్లో కట్టేశావు.

2010లో యూరోపియన్ యూనియన్ నేపుల్స్ పిజ్జాకు గుర్తింపు ఇస్తూ, అది మెత్తగా ఉండాలని, పుస్తకంలా సులువుగా మడత పడాలని నిబంధనల్లోనే రాసింది. అందుకే 485 డిగ్రీల పొయ్యిలో నిమిషం, మహా అయితే నిమిషంన్నర ఉంచుతారు. అధికారుల కాగితానికి ఉన్నపాటి చూపు కథకు లేకపోతే ఎలా?

నా తొలినాళ్ల కథ ఒకదానిలో, బట్టల కొట్టు గుమాస్తా బేరం కుదరని చీరను గడ్డం కింద అదిమిపట్టి తిరిగి మడతపెట్టే తీరు అరపేజీ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని ఎగరగొట్టి ‘గుమాస్తా చీర మడిచాడు’ అని వేశాడు. పారితోషికంలోనూ ఆ అరపేజీ కోసేశాడు మహానుభావుడు. ఇప్పుడింకో జబ్బు పట్టుకుంది. నాలుగు పరాయి మాటలు చల్లితే కథ అంతర్జాతీయమైపోతుందట!

ఏ పత్రికకు పంపాలి, పోటీలకు పెట్టాలా అని అడిగావు. అవన్నీ తర్వాత. నీ కథలో తండ్రి ఫోన్ వచ్చేది అతను తింటుండగానే కదా? రెండు చేతులా పిజ్జా, మణికట్టు మీదికి కారే నూనె, జేబులో ఆగకుండా మోగుతున్న ఫోన్. అక్కడ మొదలుపెట్టి తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.