సైట్‌కి నీ పేరే పెట్టు

అమ్మలూ,

నా పటాల వెబ్‌సైట్‌కి నా పేరే పెట్టుకుంటే పొగరనుకుంటారేమో పెద్దమ్మా, 'కళాకుటీరం' లాంటిదేదైనా పెట్టనా అని అడిగావు. నీ పేరే పెట్టు. ఇంటిపేరుతో సహా పెట్టు. ముందు ఈ సంగతి తేల్చేస్తే, నిన్న నీ సైట్ చూసినప్పటి నుంచి నా మనసులో ఉన్నది తర్వాత చెప్తాను.

గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే మన కలంకారీ పనిలో పేరు రాసుకునే అలవాటు లేదు, నిజమే. గుళ్లో దేవుడి వెనక కట్టే పటానికి సంతకం ఎందుకు? కానీ పేరు లేకపోవడమంతా వినయమే అనుకోకు. నేను చూసిన ఇళ్లలో రంగులు నింపింది ఆడవాళ్లు, పటం బయటికి వెళ్లింది ఇంటి పెద్ద పేరు మీద. షాపుకి చేరాక ఆ పేరు కూడా పోయి షాపు పేరే మిగిలేది. కొన్నవాళ్లకు మళ్లీ అలాంటిదే కావాలంటే ఎవరిని అడగాలో తెలిసేది కాదు. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఊరి పేరుకీ పద్ధతికీ అది రక్షణ. మనిషి పేరు మాత్రం మనిషే నిలబెట్టుకోవాలి. కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన వీధుల్లో ఎంత సంతోషపడ్డామో నీకు తెలియదు, నువ్వప్పటికి చిన్నపిల్లవి. ఆ పటాలు ఫలానా మనిషి చేతివని లోకానికి తెలియబట్టే కదా ఆ గౌరవం ఆయన ఇంటికి వచ్చింది.

భక్తికీ పేరుకీ పడదని ఎవరైనా అంటే వాగ్గేయకారుల్ని చూడమను. క్షేత్రయ్య తన పదాల్లో మువ్వగోపాలుడి పేరు పెట్టాడు. త్యాగరాజస్వామి కీర్తనల్లో తన పేరే పెట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరి భక్తి తక్కువని ఎవరంటారు? ముద్ర అంటే పాటలో పెట్టే ఆ పేరే, అది ఉంది కాబట్టి ఏది ఎవరిదో మనకు తెలిసింది. అంతే.

నన్ను బాధపెట్టింది సైట్ పేరు కాదమ్మా, శబరి మెడలో హారం.

సైట్‌లో పెట్టిన శబరి పటాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. మొహం చాలా బాగా కుదిరింది. ముడతలు ఎక్కడా ఎక్కువ కాలేదు. రాముడి వైపు ఎత్తిన గడ్డం కింద ఒక్క గీతలో మెడంతా వచ్చేసింది. అలాంటి గీత నా చేతికి ఇప్పటికీ రోజూ రాదు. మరి ఆ మెడకి మూడు వరసల హారం ఎందుకు వేశావు? అడవిలో పళ్లు ఏరుకుని ఎదురుచూసే ముసలావిడకి కెంపుల పతకం ఎక్కడిది? అది శబరి పెట్టుకున్నది కాదు, నువ్వు పెట్టుకున్నది. సన్నటి చుక్కల పని నీకు బాగా వస్తుంది, దాన్ని చూపించుకోవడానికి నీకో చోటు కావాల్సి వచ్చింది. అంచు కూడా అంతే. మూడు రకాల లతలు ఒకదాని పక్కన ఒకటి పెట్టేసరికి చూసేవాడి కళ్లు అక్కడే ఆగిపోతాయి, శబరి దాకా రావు.

అహమే వద్దని చెప్పడం లేదు. పది గజాల గుడ్డ ముందు కూర్చుని దీని మీద రామాయణం మొత్తం నేను వేస్తాను అనుకోవాలంటే గుండె నిండా అహం ఉండాలి. అది లేనివాళ్లు కలమే పట్టరు. చింతబొగ్గుతో గీసుకునేటప్పుడు ఎన్ని గొప్పలైనా పో, చెరుపుకోవచ్చు. కలాన్ని కసిమిలో, అంటే నల్లగీత వేసే నీళ్లలో, ముంచాక మాత్రం నీ గురించి నువ్వు ఆలోచించకూడదు. నీకు తెలిసిందే అయినా మళ్లీ చెప్తాను. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కగానే బెల్లం, ఇనుప తుప్పు ఊరిన ఆ నీళ్లు మొనకి దిగుతాయి. కరక్కాయ, పాలు పట్టిన గుడ్డకి తగలగానే నీ కళ్ల ముందే నల్లబడతాయి. ఇక చెరపడం లేదు. సరిగ్గా ఆ క్షణాన 'ఇది చూసి ఫలానావాళ్లు ఏమంటారో' అని ఒక్క ఆలోచన వచ్చిందా, వేలు కాస్త ఎక్కువ నొక్కుతుంది, కంటి కొస లావవుతుంది. నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరిలోనూ చూశాను, గీత బెదిరేది చేతకాక కాదు, మనసు ఎదుటివాడి మెప్పు మీదికి పోయి. తర్వాత పటిక పెట్టి మంజిష్ఠలో ఉడికిస్తే ఎరుపు ఎంత పలుకుతుందో సగం నీళ్లని బట్టే ఉంటుంది. అక్కడ నీ గొప్పా నా గొప్పా ఏమీ లేదు.

హారంలో కనపడిందే సైట్‌లోనూ కనపడింది. తెరవగానే ఫోన్ నిండా నీ ఫోటో. పటం కనపడాలంటే కిందికి జరుపుకుంటూ పోవాలి. 'నా గురించి' పేజీలో 'ఈమె కళారంగంలో తనదైన ముద్ర వేసుకున్న ప్రముఖ యువ కళాకారిణి' అని ఉంది. ఈమె అంటే ఎవరు? ఆ పేజీ రాసింది నువ్వే కదా. నీ పేరు పెట్టుకోవడానికి మొహమాటపడిన అమ్మాయివి, ఇంకెవరో పొగిడినట్టు రాసుకోవడానికి ఎందుకు మొహమాటపడలేదు? నాకు ఈ వాక్యం కన్నా నీ పేరే నిజాయితీగా అనిపించింది. అది తీసేసి 'నేను' అని రాయి. నేను కలంకారీ వేస్తాను, శ్రీకాళహస్తిలో ఫలానావారి దగ్గర నేర్చుకున్నాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటూ వేస్తున్నాను. ఉడికించడంలో, ఉతకడంలో సాయం చేసేవాళ్లు సరేనంటే వాళ్ల పేర్లూ రాయి. ప్రముఖ అన్న మాట వాళ్లూ వీళ్లూ అంటే అంటారు.

ప్రతి పటం కింద గుడ్డ ఏమిటో, పొడవు వెడల్పులు ఎంతో, ఏ రంగు దేనితో వచ్చిందో, ఏ సంవత్సరం వేశావో, ధర ఎంతో రాయి. ధర దాచిపెట్టి 'వివరాలకు సంప్రదించండి' అనడం నాకు నచ్చదు. చేసిన పనికి డబ్బు అడగడంలో సిగ్గేమీ లేదు. పటం వెనక వైపు ఫోటో కూడా ఒకటి పెట్టు. మిషన్ మీద ప్రింటు కొట్టిన గుడ్డల్ని కలంకారీ అని అమ్ముతున్న రోజులివి. చేత్తో వేసిన రంగు గుడ్డలోకి దిగి వెనక్కి కూడా కనపడుతుంది. మా అమ్మాయి పని ఎంత గొప్పదో అని నేను పది వాక్యాలు రాసినా ఆ ఒక్క ఫోటో ముందు చాలవు.

ఎంతమంది చూశారో చూపించే ఆ లెక్క తీసెయ్యి. పొద్దున్నే అది చూసి టెన్షన్ పడుతున్నానని నువ్వే చెప్పావు. పోయిన నెల మొదట్లో పైన బుద్ధుడి పటం ఉండేది, ఇప్పుడు అది అట్టడుక్కి పోయి నెమళ్లు పైకి వచ్చాయి. నెమళ్లని ఎక్కువమంది చూశారనే కదా? బుద్ధుడి పటానికి నువ్వు పడిన కష్టం నేను చూశాను. ఏది ముందు పెట్టాలో చెప్పాల్సింది నీ కన్ను. నిజంగా అహం పనికొచ్చే చోటు ఇదే, ఇక్కడేమో దాన్ని వదిలేశావు. ఎవరూ చూడకపోయినా ఇది నా మంచి పని అని ఒక పటాన్ని ముందు పెట్టగలగాలి.

ఇన్‌స్టాగ్రామ్ ఉండగా సైట్‌కి డబ్బు దండగ అని మీ నాన్న అంటున్నాడట. వాడికి చెప్పు, అక్కడ ఏది ఎవరికి చూపించాలో వాళ్ల ఇష్టం. జియోసిటీస్ అని ఒకటి ఉండేది, ఎంతోమంది తమ పేజీలు అందులో పెట్టుకున్నారు. యాహూ 2009లో దాన్ని మూసేసింది, వేరేచోట ఎవరైనా దాచినవి తప్ప మిగిలినవన్నీ పోయాయి. నీ డొమైన్, అంటే సైట్ అడ్రసు, నీ పేరు మీదే కొను, సైట్ చేసిపెట్టిన కుర్రాడి పేరు మీద కాదు. ఫోటోల అసలు కాపీలు ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఉంచుకో.

నేర్చుకునే రోజుల్లో వేసినవి తీసేద్దామనుకుంటున్నానన్నావు. ఉంచు, వేరే పేజీలో, సంవత్సరాలు వేసి. గణపతి తొండం వంకరపోయిన ఆ చిన్న గుడ్డ చూసి ఇంకో పిల్ల ధైర్యం తెచ్చుకుంటుంది. శబరి పటాన్ని కూడా దాచకు, హారంతో సహా అలాగే ఉంచు. ఇంకో శబరిని మొదలుపెట్టు. కరక్కాయ పట్టించి ఆరబెట్టిన గుడ్డ నా దగ్గర ఉంది, సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. డొమైన్‌కి ఈ ఏడాది డబ్బు నేను కడతాను, ఎంతో కనుక్కుని చెప్పు.

నీ పెద్దమ్మ