లోహాలతో క్యాన్సర్ మందులు: ఏ చదువు, ఎన్నేళ్లు?

ప్రశ్న: మా అమ్మాయి బీజెడ్‌సీ రెండో ఏడాది చదువుతోంది. సిస్‌ప్లాటిన్ లాంటి మందులు రూపొందించే ప్రొఫెసర్ కావాలంటోంది. ఫార్మసీకి మార్చమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మార్చకండి. ఈ పనికి పునాది ఇనార్గానిక్ కెమిస్ట్రీ. ప్లాటినం లోహంతో చేసిన క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌నే చూడండి. మధ్యలో ప్లాటినం, చుట్టూ రెండు అమ్మోనియాలు, రెండు క్లోరైడ్లు. రక్తంలో క్లోరైడ్ దాదాపు 100 మిల్లీమోలార్ ఉంటుంది కాబట్టి మందులోని క్లోరైడ్లు అంత తేలిగ్గా ఊడవు. కణంలోకి వెళ్లాక క్లోరైడ్ బాగా తగ్గుతుంది. అక్కడ నీరు క్లోరైడ్‌ను తోసేస్తుంది, ఆపైన ప్లాటినం డీఎన్ఏలోని గ్వానిన్‌ను పట్టుకుంటుంది. అవే భాగాలు వేరే అమరికలో ఉన్న ట్రాన్స్ రూపం మందుగా పనికిరాదు. డిగ్రీలో చాలామంది బట్టీపట్టి వదిలేసే లిగాండ్ సబ్‌స్టిట్యూషన్ (లోహానికి అతుక్కున్నవాటి చోట వేరేవి చేరడం) పాఠమే ఇక్కడ అసలు సరుకు.

డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి అయిదేళ్ల వరకు, పోస్ట్‌డాక్‌కు, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు, రెండు మూడేళ్లు వేసుకోండి. అంటే ఉద్యోగం ముప్పై ఏళ్ల వయసు దగ్గర. సీఎస్ఐఆర్-నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, హెచ్ఆర్ఏ అదనం. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. జామ్ కెమిస్ట్రీ సిలబస్‌లో కాలిక్యులస్, మాత్రికలు ఉన్నాయి. బైపీసీ పిల్లలు జారేది ఇక్కడే. పైగా కొన్నిచోట్ల సీటుకు ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలంటారు. బ్రోచర్ ఇప్పుడే చూసుకోండి.

ఇక ల్యాబ్‌లో పని. రుథేనియం కాంప్లెక్స్ (లోహం మధ్యలో, మిగతావి చుట్టూ ఉండే పదార్థం) తయారుచేసి, దాని నిర్మాణం తేల్చే ఎన్ఎంఆర్, మాస్ పరీక్షలు తీసి, స్ఫటికం వస్తే సంబరపడతారు. నిజానికి కష్టాలు ఆ తర్వాతే మొదలవుతాయి. కాంప్లెక్స్ నీళ్లలో కరగదు, డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగిస్తారు. ఆ డీఎంఎస్ఓయే కొన్ని కాంప్లెక్సుల్లో క్లోరైడ్‌ను తోసేసి లోహానికి అతుక్కుంటుంది. సిస్‌ప్లాటిన్ విషయంలోనూ ఇంతే, పదును పోతుంది. అంటే కణాల మీద పోసింది తాము తయారుచేసిన పదార్థం కాదన్నమాట! అందుకే ముందు బఫర్‌లో 24, 48 గంటలు యూవీ, ఎన్ఎంఆర్ తీసి నిలకడ చూడాలి. తర్వాత 96 గుంతల ప్లేటులో క్యాన్సర్ కణాల మీద ఎంటీటీ పరీక్ష, ఎన్ని కణాలు బతికాయో రంగును కొలిచి చెబుతుంది. అందులోనూ మెలిక ఉంది. రంగున్న కాంప్లెక్స్ రీడింగును పెంచేస్తుంది, చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. కణాల్లేకుండా మందు మాత్రమే ఉన్న గుంతలు కొన్ని పెట్టి ఆ విలువ తీసేయాలి. పక్కనే మామూలు కణాల మీదా పరీక్షించకపోతే, చేతిలో ఉన్నది మందో విషమో తేలదు.

ఈలోగా సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి, రెండు నెలలు పరిశోధన ల్యాబ్‌లో గడుస్తాయి. పీహెచ్‌డీ గైడ్‌ను ఎంచుకునేటప్పుడు మాత్రం పేపర్ల సంఖ్య కంటే ముందు ఒకటి అడగమనండి: ‘కణాల మీద ప్రయోగాలు మీ విద్యార్థులే చేస్తారా, బయటికి పంపిస్తారా?’ బయటికి పంపే చోట అయిదేళ్లున్నా తనకు సింథసిసే (పదార్థం తయారీయే) వస్తుంది.